పుట్టింటి మంచు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే వారాల బాబాయ్ చేసే మొదటి పని స్టీలు పళ్లెం తుడవడం. లైటు వెయ్యడం, కుర్చీ లాక్కోవడం, ఎదురుగా ఉన్న బండివాడికి టీ చెప్పడం, ఇవన్నీ ఆ తర్వాతే. పళ్లెం మీద నిన్నటి వాన మరకలుంటే ఆయనకి ఆ రోజు చిరాగ్గా మొదలవుతుంది. చిరాకు పడటానికి ఆయనకి పెద్ద కారణాలేవీ అక్కర్లేదనుకోండి.

అది పాత ఎలక్ట్రానిక్ సామాన్ల వీధి. ఒక పక్క టీవీలు బాగుచేసేవాళ్లు, ఇంకో పక్క రేడియోలు, ఇన్వర్టర్లు, ఏ రిమోట్ పోయినా ఇంకో రిమోట్ ఇచ్చి సర్దిచెప్పేవాళ్లు. వాళ్ల మధ్య ఇరుక్కుని బాబాయ్ కొట్టు. బాబాయ్ ఒక కుర్చీలో, ఆయన భార్య పిన్ని ఇంకో కుర్చీలో కూర్చుంటే మూడో మనిషి నిలబడే మాట్లాడాలి. నాలుగో మనిషి వస్తే మూడో మనిషి వెళ్లిపోవాలి. పిన్ని టంకం వేస్తుంది. ఆవిడ చేతిలో సాల్డరింగ్ ఐరన్ ఉంటే చీమ కాలికైనా వైరు అతికించగలదని వీధంతా ఒప్పుకున్న సంగతి.

బాబాయ్‌ది వేరే విద్య. పాత కంప్యూటర్ ప్రాసెసర్ ఏదైనా చేతిలో పెట్టండి, అది ఏ దేశంలో, ఏ ఏడు, ఏ వారంలో తయారైందో చెప్పేస్తాడు. అందుకే వారాల బాబాయ్ అయ్యాడు. పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లు, పాత మిషన్లు నడుపుకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

చిప్పు నెత్తి మీద నాలుగంకెలుంటాయి చూడండి, మొదటి రెండూ ఏడాది, తర్వాతి రెండూ ఆ ఏట ఎన్నో వారమో. 8328 అంటే ఎనభైమూడో సంవత్సరం, ఇరవై ఎనిమిదో వారం, అంటే జూలై నెలన్నమాట. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అయితే కొందరు మహానుభావులు ఉంటారు. వాళ్లు మామూలు చిప్పుని ఉప్పుకాగితంతో గీకి, నల్లరంగు పూసి, దాని మీద పాత తేదీ అచ్చేసి అమ్ముతారు. వాళ్లని పట్టుకోవడానికి బాబాయ్ ముందు గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి మూత మీద రుద్దుతాడు. దూది నల్లబడితే దొంగ. తర్వాత భూతద్దం పెట్టి అంచులు చూస్తాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే చిప్పుని గుప్పిట్లో కాసేపు వెచ్చబెట్టి పళ్లెంలో పెడతాడు.

అప్పుడు ఆ చిప్పు తయారైన వారం నాటి వాతావరణం పళ్లెం మేరకు వచ్చేది. వానయితే వాన, ఎండయితే ఎండ, పొగమంచయితే పొగమంచు. జూలై అని రాసున్న చిప్పు జోరువాన కురిపిస్తే, ఆ దేశంలో జూలైలో వానలే కాబట్టి సరుకు అసలుదని ముద్ర వేసేవాడు. ఎండ కాసే చిప్పు దొరికితే పక్క కొట్టు రేడియో అతను తడి జేబురుమాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. టీ బండివాడు మాత్రం పళ్లేనికి దూరంగా గ్లాసు పెట్టి, "బాబాయ్, ముందు టీ తాగెయ్. మొన్నటిలా వాన పడి పల్చనైందని నన్ననకు," అని వెళ్లేవాడు.

పనిలో ఉన్న చిప్పులకి మాత్రం ఇవేం పట్టవు. పొద్దస్తమానం లెక్కలు చేసేవాడికి వానలు తలుచుకునే తీరిక ఎక్కడిది? మిషన్లోంచి ఊడి, డబ్బాలో పడి, ఏ పనీ లేకుండా కూర్చున్నవాటికే అన్నీ గుర్తొస్తాయి. రిటైరైన మా బంధువుల్లో కూడా ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

బాబాయ్‌కి ఉన్న ఒకే ఒక్క లోపం తొందర. పళ్లెంలో మొదటి చినుకు పడిందో లేదో "వాన! సరిపోయింది!" అని చిప్పు ఎత్తేసేవాడు, పళ్లెం వీధిలోకి వంచేసేవాడు.

"ఆ పళ్లెం కాస్త చూసి వంచండి, ఎవరి నెత్తినో పడుతుంది," అనేది పిన్ని.

"వాన నెత్తిన పడక పాదాల మీద పడుతుందా?" అనేవాడు బాబాయ్.

అలాంటి కొట్టుకి ఒక సోమవారం స్వెట్టరక్క వచ్చింది. ఆవిడది పాత అల్లిక మిషను. మంచమంత పొడుగుంటుంది, లోపల ఒక ప్రాసెసర్ ఉంటుంది, ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు అని అది లెక్కపెడుతుంటే సూదులు అల్లుకుపోతాయి. అన్నయ్య ఇంటి వెనక షెడ్డులో ఆ మిషను పెట్టుకుని బడిపిల్లలకి స్వెట్టర్లు అల్లుతుంది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "నాకా, ఈ మిషన్తోనే సరిపోవడం లేదు," అని నవ్వేసేది. ఈమధ్య గోడలోంచి నీళ్లు కారి చిప్పు పాడైతే బాబాయే వేరే చిప్పు ఇచ్చాడు, పిన్ని వేసిపెట్టింది.

అక్క సంచీలోంచి ఒక స్వెట్టరు తీసి బెంచీ మీద పరిచింది. నీలంరంగు, మెడ బావుంది, కుడిచెయ్యి బావుంది. ఎడమచెయ్యి మాత్రం బెంచీ దాటి, కుర్చీ దాటి, కింద నేల మీద చుట్ట చుట్టుకుంది.

"ఎవరికమ్మా ఇది?" అన్నాడు బాబాయ్.

"ఎవరికని ఇవ్వను బాబాయ్‌గారూ? మీరు వేసిన చిప్పు చేసిన పనే ఇది. నాలుగు అల్లాను, నాలుగూ ఇంతే. మా అన్నయ్య చూసి, కిటికీలోంచి చెయ్యి చాపి పక్కింటి కరివేపాకు కోసుకోవచ్చు అంటున్నాడు."

పిన్ని నవ్వాపుకోలేక ఐరన్ స్టాండులో పెట్టేసింది.

"నా చిప్పులో తప్పుండదు," అన్నాడు బాబాయ్.

"అదేనేమో అసలు గొడవ," అంది పిన్ని.

బాబాయ్ తలకాయ గోక్కున్నాడు. అప్పుడు గుర్తొచ్చి చెప్పుకొచ్చాడు. ఆ రకం ప్రాసెసర్ కొత్తగా వచ్చినప్పుడు అందులో ఒక పొరపాటుండేది. ఒకలాంటి కూడిక చేసినప్పుడల్లా ఒకటి తక్కువ చెప్పేది. ఎనభైమూడు వసంతకాలంలో కంపెనీవాళ్లు దాన్ని దిద్దేశారు. కానీ ఈ అల్లిక మిషను చేసినవాళ్లు అంతకు ముందే, "ఎలాగూ ఒకటి తక్కువ చెబుతుందిగా," అని వాళ్ల ప్రోగ్రాములో ఒకటి కలిపేసుకున్నారు. భార్య ఎప్పుడూ ఆలస్యంగా తయారవుతుందని సినిమా టైము అరగంట ముందుకి చెప్పే మొగుళ్లుంటారే, అలాగన్నమాట. ఒకరోజు ఆవిడ చెప్పిన టైముకే తయారైపోతే ఏమవుతుంది? హాలు ముందు అరగంట ఎండలో నిలబడాలి. దిద్దిన చిప్పు సరిగ్గా లెక్కపెడుతుంది, మిషను దానికి ఇంకొకటి కలుపుతుంది, ఆ కూడిక వచ్చేది ఎడమచెయ్యి లెక్కలోనే, అందుకని అక్కడ ప్రతి వరసకీ ఇంకో వరస ఎక్కువ పడుతుంది.

"అయితే ఆ ప్రోగ్రాము మార్చెయ్యండి," అంది అక్క.

"అది మిషన్లో చెక్కేసినట్టుంటుందమ్మా. మార్చాలంటే ఆ కంపెనీవాళ్లే మార్చాలి. వాళ్లు దుకాణం కట్టేసి చాలా ఏళ్లయింది."

"అంటే ఇప్పుడు నాకు తప్పు చేసే చిప్పు కావాలా?"

"అవును. పాత తప్పు. దిద్దుబాటుకి ముందు తయారైంది."

"నేనిన్నాళ్లూ మంచి చిప్పు దొరికితే చాలని మొక్కుకున్నాను కదా పిన్నీ!" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆగి, అసలు సంగతి చెప్పింది.

శనివారం అన్నయ్య వ్యాను తెస్తానన్నాడట. అన్నయ్యకి టైర్ల షాపుంది. షెడ్డు ఖాళీ అయితే అందులో టైర్లు పెట్టుకోవచ్చు. మిషను పాత ఇనుములోకి పోతుంది, అక్క వెళ్లి టైర్ల షాపులో కూర్చుంటుంది. "ఫ్యాను కింద కుర్చీ వేయిస్తానే చెల్లీ, వచ్చినవాళ్లకి ఏ సైజు ఎక్కడుందో చూపించు చాలు," అన్నాడట. చెడ్డవాడేం కాదు. ఆ పిచ్చిమిషన్తో చెల్లెలు కళ్లు పోగొట్టుకుంటోందని నిజంగానే బెంగ.

"శనివారానికల్లా రెండు చేతులూ సమానంగా ఉన్న స్వెట్టరు చూపిస్తే షెడ్డు జోలికి రానన్నాడు," అంది అక్క. "లేకపోతే ఇక ఈ జన్మకి టైర్ల వాసనే."

"అన్న మాట మీద నిలబడతాడా?" అంది పిన్ని.

"నిలబడతాడు. అదే నా భయం."

ఇంకో చిక్కు కూడా ఉంది. అక్క సంచీలో తెచ్చిన మిషను బోర్డు, అదే చిప్పు అతికించే పలక, భూతద్దం కింద పెట్టి చూసి పిన్నే చెప్పింది. "ఇప్పటికే ఒకసారి చిప్పు ఊడదీసి ఇంకోటి వేశాను. రాగి గీతలు పొరలు పొరలుగా లేస్తున్నాయి. ఇంకొక్కసారి తట్టుకుంటుంది, అంతే. ఆ తర్వాత నేను కాదు కదా, దీన్ని చేసినవాడొచ్చినా అతకదు. అంచేత తెలిసిన చిప్పయితేనే చెప్పండి. వేసి చూద్దాం అనే బేరాలు పెట్టకండి."

ఆ వారమంతా బాబాయ్ కొట్టు తలకిందులు చేశాడు. సొరుగులు లాగాడు, డబ్బాలు బోర్లించాడు, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. దిద్దిన చిప్పుకీ దిద్దని చిప్పుకీ పైన వేరే గుర్తేం పెట్టలేదు, తేదీ చూసుకోవాల్సిందే. వెనకగదిలో ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఆ రకం ప్రాసెసర్లు దొరికాయి గానీ, అన్నీ ఎనభైమూడు జూలై, ఆగస్టు, ఎనభైనాలుగు. ఒక్కటీ ముందుది కాదు. తేదీలు అబద్ధమేమోనన్న ఆశతో ఒక్కొక్కటే వెచ్చబెట్టి పళ్లెంలో పెట్టాడు. ఆ చిప్పులన్నిటికీ సీలు పడ్డది వానదేశంలో. ప్రతిదీ బుద్ధిగా కురిసింది. కురిసినదాన్ని కురిసినట్టే ఎత్తి డబ్బాలో పడేశాడు. శుక్రవారం సాయంత్రానికి కొట్టు ముందు వీధి బురద బురద అయింది, ఇన్వర్టర్ల అతను జారి కూర్చుని బాబాయ్‌ని నానా మాటలన్నాడు.

"సారీ అమ్మాయ్," అన్నాడు బాబాయ్ ఫోన్లో అక్కతో. ఆయన సారీ చెప్పడం పిన్ని వినడం అదే మొదటిసారి. అందుకే పళ్లెం తనే తుడిచి పెట్టింది.

శనివారం పొద్దున్న స్వెట్టరక్క వచ్చింది. మిషను బోర్డు గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఇనుములోకి పోయేదానికి ఇదెందుకు? మీకు విడిభాగాలకైనా పనికొస్తుంది," అని బెంచీ మీద పెట్టింది. ఇంటికి పోబుద్ధి కాలేదేమో, అక్కడే నిలబడింది. పిన్ని బాబాయ్‌ని కుర్చీలోంచి లేపేసి ఆవిడని కూర్చోబెట్టి టీ చెప్పింది.

పిన్నికి గుమ్మం పక్కన రంగుడబ్బాలో ఒక మొక్క ఉంది. దానికి నీళ్లు పొయ్యడం ఆవిడ ఎప్పుడో మానేసింది. పనికిరాని వాన చిప్పు ఒకటి తెచ్చి డబ్బాలో మట్టి మీద పెడితే ఎండకి వెచ్చబడి అదే కురుస్తుంది. మట్టి తడవగానే తీసేస్తుంది. ఆ రోజూ బిస్కెట్ల డబ్బాలోంచి చేతికందిన చిప్పు ఒకటి తీసి అక్కడ పెట్టి వచ్చి కూర్చుంది.

"టైర్ల షాపులో ఏం చేస్తావే?" అంది.

"ఏం చేస్తాను, టైర్లకి స్వెట్టర్లు అల్లుతాను."

"చేతులు సమానంగా ఉండక్కర్లేదు, అదొక సుఖం."

"చేతులే అక్కర్లేదు పిన్నీ, మెడ ఒక్కటే!"

ఇద్దరూ నవ్వారు. తర్వాత అక్క మొట్టమొదట తన మిషను మీద అల్లిన టోపీ గురించి చెప్పింది, అది ముక్కు దాకా దిగి పక్కింటి పాప కళ్లు కనపడక గోడకి గుద్దుకున్న సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. పిన్ని ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. మొక్క సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

వీధి చివర వ్యాను హారన్ మోగింది. టైర్ల అన్నయ్య దిగి వచ్చాడు. ఆయనకి బట్టతల, పెద్ద పొట్ట, మెత్తటి గొంతు.

"ఎంతసేపే చెల్లీ? మిషను ఎక్కించడానికి మనుషులు వచ్చి కూర్చున్నారక్కడ," అంటూ గుమ్మంలోకి వచ్చి, చెప్పు తెగిందేమో చూసుకోవడానికి మొక్క పక్కన వంగాడు. వంగినవాడు తలకాయ తడుముకున్నాడు. "ఒసేయ్, ఇక్కడ మంచు పడుతోంది, పైట కప్పుకో. అసలే నీకు జలుబు," అన్నాడు.

"అయ్యయ్యో, నా మొక్క!" అని పిన్ని లేచింది.

రంగుడబ్బా మీద వాన ఎప్పుడో వెలిసిపోయింది. ఇప్పుడక్కడ డబ్బా మేరకు తెల్లగా, మెత్తగా, ఏమాత్రం చప్పుడు లేకుండా మంచు పడుతోంది. ఆకుల అంచులు తెల్లబడ్డాయి.

బాబాయ్ భూతద్దం చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "ఇది ఏ చిప్పు? ఎక్కడిది? ఎవరిచ్చారు?"

"ఎవరిస్తారు? మీరు నిన్న తిట్టి డబ్బాలో వేసిందే."

బాబాయ్ చిప్పు తీసి తుడిచి చూశాడు. 8328. "కుదరదు. ఇది జూలైది. దీనిది వాన. నిన్న నేనే చూశాను."

"చూశారు, వెంటనే ఎత్తేశారు. ఇవాళ నేను ఎత్తడం మర్చిపోయాను."

"జూలైలో, వానదేశంలో మంచేమిటే?"

పిన్ని నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నన్నెవరైనా ఏ ఊరమ్మా మీది అనడిగితే నేనేం చెబుతాను? మీ ఊరే చెబుతాను. అడిగినవాడు సరే అని లేచి వెళ్లిపోతే వాడికి తెలిసేది అంతే. కాస్త కూర్చుని టీ తాగి, ఆ కబురూ ఈ కబురూ చెబితే కదా మా పుట్టిల్లు బయటికొచ్చేది! ఈ చిప్పుకి కాళ్లు పెట్టి, మూత వేసి, సీలు కొట్టింది వానదేశంలో. లోపల గోరంత బిళ్ళ ఉంటుందే, దాన్ని చేసింది ఎక్కడో మీరే ఎన్నోసార్లు చెప్పారు."

"చలిదేశంలో," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "అక్కడ చేసి, పెట్టెల్లో పెట్టి వానదేశానికి పంపేవాళ్లు. మూత మీద వేసే తేదీ సీలు కొట్టిన తేదీ."

"అంటే పెళ్లి తేదీ. పుట్టిన తేదీ కాదు. మరి జూలైకి ముందు మంచు ఎప్పుడు పడి ఉంటుంది?"

"చలికాలంలో."

"తప్పు దిద్దింది ఎప్పుడన్నారు?"

బాబాయ్ చిప్పు మీది అంకెలు మళ్లీ చూశాడు. స్వెట్టరక్క లేచి నిలబడింది.

"వసంతంలో," అంది ఆవిడే. "వసంతంలో అన్నారు మీరు."

"ముందు చేసిపెట్టుకున్న బిళ్ళల్ని ఎవరు మాత్రం పారేస్తారు? ఉన్నవన్నీ అయ్యేదాకా మూతలు వేసుంటారు," అని గొణిగాడు బాబాయ్. తర్వాత చేతులు ఎత్తేశాడు. "ఇన్నేళ్లూ ఒక్క నిమిషం ఆగి ఉంటే ఎన్ని పుట్టిళ్లు చూసేవాణ్ణో!"

"అవి తర్వాత చూద్దురు గానీ, లేవండి, ఆ లైటు ఇటు జరపండి," అంది పిన్ని.

టైర్ల అన్నయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చెల్లెలి మొహం చూసి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే చతికిలబడ్డాడు. పిన్ని బోర్డు మీదున్న చిప్పు కాళ్లు ఒక్కొక్కటీ వదిలించింది. ఒకచోట రాగి గీత కొంచెం లేచింది. ఆవిడ నాలుక పంటి కింద పెట్టి, వెంట్రుకంత తీగతో దాన్ని కుట్టేసింది. మంచు చిప్పు వేసింది, టంకం ఊది చల్లార్చింది.

మిషను తీసుకెళ్లడానికి వచ్చిన వ్యాను ఇప్పుడు బోర్డుతోపాటు బాబాయ్‌నీ, పిన్నినీ, అక్కనీ షెడ్డుకి మోసుకెళ్లింది. మిషను మొయ్యడానికొచ్చిన మనుషులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అక్క బోర్డు బిగించి, ఊదారంగు ఊలు ఎక్కించి స్విచ్చి వేసింది. సూదులు కదిలాయి. ముందు వెనకభాగం వచ్చింది, ముందుభాగం వచ్చింది, కుడిచెయ్యి వచ్చింది. ఎడమచెయ్యి మొదలయ్యేసరికి అందరూ మిషను చుట్టూ మూగారు. అన్నయ్య కూడా గుడ్లప్పగించి చూస్తున్నాడు. చెయ్యి పెరిగింది, పెరిగింది, కుడిచెయ్యంత అయింది.

ఆగిపోయింది.

అక్క ముక్కలన్నీ కలిపి కుట్టి, స్వెట్టరు తీసి అన్నయ్యకి ఇచ్చింది. ఆయన తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర కాస్త బిగిసింది. రెండు చేతులూ ముందుకి చాపి, మణికట్లు పక్కపక్కన పెట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"పొట్ట దగ్గర వదులు చెయ్యాలే," అన్నాడు చివరికి.

"పొట్ట తగ్గించుకో," అంది చెల్లెలు.

ఆయన అరుగు మీదవాళ్లని పొమ్మన్నాడు. వ్యాను వెనక్కి తీసి, ఖాళీగా తోలుకుంటూ నేరుగా షాపుకి వెళ్లిపోయాడు. నడి మధ్యాహ్నం, నెత్తిన ఎండ మండిపోతోంది. చెమటలు కక్కుతూ టైర్ల మధ్య ఊదారంగు స్వెట్టర్లో కూర్చున్న ఆయన్ని చూసి పనివాళ్లు, "ఇంత ఎండలో అదేమిటండీ?" అనడిగారట.

"పొద్దున్న మంచు పడింది కదరా," అన్నాడట ఆయన.